తాళం తీసేముందు... మూట కట్టుకోండి!

ఫోను మనదే. డబ్బులిచ్చి కొన్నదీ మనమే. కానీ అందులో కొన్ని గదులకు కంపెనీ తాళం వేసి మరీ ఇస్తుంది. ఆ తాళం తీయడాన్నే 'రూటింగ్' అంటారు. తీయడం మరీ అంత బ్రహ్మవిద్యేం కాదు. తీసేముందు ఏం చేయాలన్నదే అసలు సంగతి.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు. బోసుబొమ్మ సెంటర్ నుంచి ఏ రోడ్డులోకి నడిచినా ఓ సెల్‌ఫోను రిపేరు కొట్టు కనిపిస్తుంది. పగిలిన అద్దాలు మార్చేవాళ్లూ, ఛార్జింగు పిన్ను అతికించేవాళ్లూ, 'సాఫ్ట్‌వేర్ వేయబడును' అని బోర్డు పెట్టినవాళ్లూ... మామిడికాయ కోతల రోజుల్లో అయితే చెమటలు తుడుచుకుంటూ తోటల నుంచి వచ్చే రైతులూ ఆ కొట్ల ముందు తేలతారు. అలాంటి చోట పావుగంట నిలబడితే ఈ తరహా మాటలు చెవిన పడక మానవు.

''అబ్బాయ్, ఊరికే ఆగిపోతోందయ్యా ఇది. మొత్తం కొట్టేసి కొత్తగా చేసిపెట్టు.''

''చేస్తాను బాబాయ్. లోపలున్నవన్నీ పోతాయి మరి. దాచుకున్నారా?''

''దాచుకోవడమంటే?''

అదీ ప్రశ్న. ఆ ఫోనులో ఏముందో ఆయనకూ పూర్తిగా తెలియదు. పాసుపుస్తకం ఫొటో ఉంది. తోట కౌలు కాగితం ఉంది. కాయ కొన్న వ్యాపారి వాట్సాప్‌లో పంపిన లెక్కలున్నాయి. హైదరాబాదులో ఉన్న మనవరాలు తొలి అడుగులేసిన వీడియో ఉంది. పోయినేడు కాలం చేసిన తల్లి గొంతు, 'భోజనం చేశావా నాన్నా' అన్న పది సెకన్ల వాయిస్ మెసేజి, అదీ అందులోనే ఉంది. పదివేలు పెడితే అంతకంటే మంచి ఫోను వస్తుంది. ఆ పది సెకన్లు మాత్రం ఎక్కడా దొరకవు.

అదే కొట్టు దగ్గరికి ఇంకో రకం వాళ్లూ వస్తుంటారు. ఇంజినీరింగు చదివే కుర్రాళ్లు. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో పాత ఫోనును 'రూట్' చేద్దామని మొదలుపెట్టి, కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయిన ఫోనును జేబులో పెట్టుకుని, నాన్నకు తెలియకముందే బాగు చేయించాలని చూసేవాళ్లు. ఇద్దరి సమస్యా పైకి వేరు. మూలం మాత్రం ఒక్కటే.

ఇంతకీ రూట్ అంటే?

ఓ పెద్ద ఇల్లు అనుకోండి. అందులో బోలెడు వాటాలు. ఒక వాటాలో వాట్సాప్, పక్క వాటాలో బ్యాంకు యాప్, మేడ మీద కెమెరా. ఎవరి వాటా తాళం వాళ్లదే. వాట్సాప్ వెళ్లి బ్యాంకు వాటాలో తొంగిచూడటానికి వీల్లేదు. ఆండ్రాయిడ్ ఫోను కట్టుబడి సరిగ్గా ఇదే. ప్రతి యాప్‌కూ లోపల ఓ సొంత నంబరిచ్చి, దాని సామాను దాని గదిలోనే పెట్టుకోమంటుంది. మరి అన్ని గదుల తాళాలూ ఉండే ఇంటి యజమాని ఒకరుండాలి కదా! కంప్యూటర్ల లోకంలో ఆ యజమాని పేరే 'రూట్'. యూనిక్స్ కాలం నుంచీ వస్తున్న పేరది. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లైనక్సే కాబట్టి పేరూ అలాగే వచ్చింది. చిత్రమేమిటంటే, ఫోను కొన్న మనకు యజమాని హోదా ఇవ్వరు. మనమూ ఓ వాటాదారులమే. తాళాల గుత్తి కంపెనీ దగ్గరుంటుంది. దాన్ని మన చేతిలోకి తెచ్చుకోవడమే రూటింగ్. ఐఫోనులో ఇదే పనిని 'జైల్‌బ్రేక్' అంటారు.

ఈ తాళం తొలిసారి ఊడిన కథ భలే తమాషాగా ఉంటుంది. ప్రపంచంలో మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోను, టీమొబైల్ జీ1, 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. నెల తిరక్కుండానే ఒకాయనకు విచిత్రమైన అనుభవం. మాటల మధ్యలో 'రీబూట్' అని ఇంగ్లిషులో టైపు చేశాడు. అంతే, ఫోను నిజంగానే ఆగి మళ్లీ మొదలైంది! ఆరా తీస్తే తేలిందేమంటే, కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరమూ చాటుగా యజమాని హోదాలో ఆజ్ఞగా కూడా వెళ్లిపోతోంది. స్నేహితురాలికి రాసిన కబురును ఫోను తనకిచ్చిన హుకుం అనుకుందన్నమాట. గూగుల్ వెంటనే ఆ కన్నం పూడ్చింది. కానీ ఈలోగా ఔత్సాహికులు అదే కన్నంలోంచి దూరి తాళాల గుత్తి పట్టుకున్నారు. పూడ్చేవాళ్లకీ దూరేవాళ్లకీ ఆట అక్కడ మొదలైంది.

ఎవరైనా సరే, ఫోనుకు తాళం తీయాలనుకోవడం వెనక కారణాలు మొదట్లో చాలా సాదాసీదావి. తెర మీద కనిపించేదాన్ని ఫొటో తీయాలన్నా, అంటే స్క్రీన్‌షాట్, పాత ఫోన్లలో రూట్ ఉండాల్సి వచ్చేది. 2011లో ఆండ్రాయిడ్ 4.0 వచ్చాక కానీ అది అందరికీ అందుబాటులోకి రాలేదు. మనవాళ్లకైతే అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉండేది.

డబ్బాల్లో తెలుగు

2010, 2011 ప్రాంతాల్లో ఆండ్రాయిడ్ ఫోను కొన్న తెలుగువాళ్లను అడిగి చూడండి. ముచ్చటపడి తెలుగు పేపరు తెరిస్తే తెర నిండా చతురస్రపు డబ్బాలు! అక్షరం ముక్క కనిపిస్తే ఒట్టు. కారణం, ఆ ఫోన్లలో తెలుగు ఫాంటు లేదు. ఉన్న ఫాంట్లన్నీ 'సిస్టమ్' అనే గదిలో ఉంటాయి. ఆ గదికి తాళం. కాబట్టి లోహిత్ తెలుగు లాంటి ఉచిత ఫాంటును తెచ్చి ఆ గదిలో పెట్టాలంటే ముందు రూట్ చేయాల్సిందే. అమ్మభాష చదువుకోవడానికి సొంత ఫోను తాళం పగలగొట్టాల్సి రావడమంటే ఇదే మరి!

తీరా అంత శ్రమపడ్డా ముచ్చట పూర్తిగా తీరేది కాదు. ఫాంటు ఉంటే అక్షరాలు వస్తాయి సరే, గుణింతాలూ ఒత్తులూ ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఏర్పాటు పాత ఆండ్రాయిడ్‌లో లేదు. దాంతో ఒత్తు కింద ఉండాల్సింది పక్కకొచ్చి నిలబడేది. రూట్ చేయడం ఇష్టంలేనివాళ్లు ఒపేరా మినీ బ్రౌజరులో ఓ రహస్యపు సెట్టింగు మార్చి, పేజీని బొమ్మగా తెప్పించుకుని చదివేవారు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగును చూపించడం నేర్చింది. 2014లో 5.0 వచ్చేసరికి ఫోను మెనూలన్నీ తెలుగులోనే పెట్టుకునే వీలు కలిగింది. అలా తెలుగు కోసం రూట్ చేయాల్సిన అవసరం తీరిపోయింది. ఆ మూడు నాలుగేళ్లలో నేర్చుకున్న విద్య మాత్రం చాలామంది చేతుల్లో ఉండిపోయింది.

ఇప్పుడు అవసరమా?

నిజం చెప్పాలంటే, రోజూ వాడే ఫోనుకు అవసరం లేదు. ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. అక్కర్లేని యాప్‌లు కనిపించకుండా చేయడం, స్క్రీన్ రికార్డింగు, ఫాంట్లు... ఒకప్పుడు రూట్ చేస్తే కానీ కాని పనులన్నీ ఇప్పుడు చాలావరకూ మామూలుగానే అవుతున్నాయి. మరోపక్క రూట్ వల్ల వచ్చే ఇబ్బందులు పెరిగాయి. బ్యాంకు యాప్‌లూ, యూపీఐ యాప్‌లూ తెరవగానే ముందు ఫోను తాళాలు సరిగ్గా ఉన్నాయా అని చూస్తాయి. ఊడి ఉంటే చాలా యాప్‌లు లోపలికి రానివ్వవు. కూరగాయల బండి దగ్గర కూడా ఫోను చూపించి డబ్బులిచ్చే రోజుల్లో ఇదేమీ చిన్న సమస్య కాదు. ఓటీటీల్లో సినిమాలు మసకగా రావచ్చు. శామ్‌సంగ్ ఫోన్లలోనైతే 'నాక్స్' అని ఓ ఏర్పాటుంది. అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఒక్కసారి ఎక్కిస్తే లోపల ఓ ఫ్యూజు లాంటిది శాశ్వతంగా కాలిపోతుంది. తర్వాత మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసినా అది అతుక్కోదు. సెక్యూర్ ఫోల్డర్ వంటివి ఇక ఆ ఫోనులో పనిచేయవు.

భద్రత సంగతీ ఆలోచించాలి. 2016 నవంబరులో 'గూలిగన్' అనే దొంగ ప్రోగ్రాం బయటపడింది. మామూలు యాప్ వేషంలో వచ్చి, యజమానికి తెలియకుండా ఫోనును అదే రూట్ చేసేసుకుని, పది లక్షలకు పైగా గూగుల్ ఖాతాల తాళాలు సంపాదించింది. తాళాల గుత్తికి ఉన్న విలువ దొంగలకు మనకంటే బాగా తెలుసు! 'పెళ్లి శుభలేఖ', 'ట్రాఫిక్ చలానా' అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు మామూలు ఫోనుకే ప్రమాదం. రూట్ చేసిన ఫోనులో అడిగినవాళ్లందరికీ అనుమతి నొక్కుకుంటూ పోతే ఇక చెప్పేదేముంది.

మరి ఎవరికి పనికొస్తుంది? బీరువాలో మూలపడిన పాత ఫోనుకు. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోనులో లీనియేజ్ ఓఎస్ లాంటిది వేసి ఇంకో మూడేళ్లు నడిపించవచ్చు. స్టీవ్ కాండిక్ అనే అమెరికన్ 2009లో మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్‌కు ఇది వారసురాలు. 2016 చివర్లో అది మూతపడితే అభిమానులే కొత్త పేరుతో కొనసాగించారు. నిజానికి దీనికి రూట్ కూడా అక్కర్లేదు, బూట్‌లోడర్ తాళం తీస్తే చాలు. ఫోను లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలనుకునే విద్యార్థికీ ఆ పాత ఫోనే పలకా బలపం. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను మీద, అందులోనూ అమ్మ ఫోను మీద, ప్రయోగాలు వద్దు.

ముందు మూట

రూట్ చేయాలంటే మొదటి మెట్టు బూట్‌లోడర్ తాళం తీయడం. ఆ తాళం తీసిన క్షణాన ఫోను తనలో ఉన్న సమస్తాన్నీ తుడిచేస్తుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటే. దొంగ ఎత్తుకెళ్లిన ఫోను తాళం తీస్తే మీ ఫొటోలు వాడికి దొరక్కూడదని. కానీ మీరు తీసినా అంతే, దానికి తేడా తెలియదు. అందుకే బ్యాకప్. అన్నం వండటానికి ముందు బియ్యం కడిగినట్టు, ఇది విడిగా చేసే పని కాదు, అందులో భాగమే.

బ్యాకప్ ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు. దీనికి సినిమావాళ్లు చెప్పే ఓ కథ వినాలి. 1998లో అమెరికాలోని పిక్సర్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' తీస్తోంది. ఎవరో ఒకరు ఓ తుడిచేసే ఆజ్ఞను పొరపాటున పెద్ద ఫోల్డరు మీద నడిపారు. చూస్తుండగానే కంప్యూటర్లో వుడీ బొమ్మ టోపీ మాయం, తర్వాత బూట్లు మాయం... చివరికి బొమ్మే మాయం. పరుగెత్తి వెళ్లి తీగ పీకేసరికే సినిమాలో దాదాపు తొంభై శాతం పోయింది. సరే, బ్యాకప్ ఉందిగా అని తెరిస్తే అది కొన్నాళ్లుగా సరిగ్గా పనిచేయడమే లేదు! ఒక్కరూ తెరిచి చూడలేదంతే. సినిమాను కాపాడింది గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలు. పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటి నుంచి పనిచేసుకునేందుకు ఆమె ఓ ప్రతిని ఇంట్లో పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్ను దుప్పట్లు చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి, మెల్లగా నడుపుకుంటూ ఆఫీసుకు తెచ్చారు.

ఆ కథలో ఉన్న రెండు సంగతులే ఇంటి ఫోనుకూ వర్తిస్తాయి. దాచినదాన్ని తెరిచి చూడాలి. ఒక ప్రతి వేరే చోట ఉండాలి. పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ దీన్నే '3-2-1' అని లెక్కగా చెప్పి ప్రచారంలోకి తెచ్చారు. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి ఇంటికి దూరంగా. తిరువూరు భాషలో చెప్పాలంటే, ఫోనులో ఒకటి, ఇంట్లో పెన్‌డ్రైవులోనో హార్డ్‌డిస్కులోనో ఒకటి, విజయవాడలో అమ్మాయి దగ్గరో గూగుల్ ఖాతాలోనో ఇంకోటి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, బీరువాలూ పుస్తకాలూ ఫోన్లూ అన్నీ ఒకే నీళ్లలో నానాయి. రెండు ప్రతులూ ఒకే ఇంట్లో ఉంటే ఒకటి ఉన్నట్టే లెక్క.

ఫొటోలూ వీడియోల సంగతి ముందు చూద్దాం. 'గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయిగా' అని చాలామంది ధీమా. 2021 జూన్ 1 వరకూ అక్కడ ఫొటోలకు లెక్కాపత్రం లేని చోటు ఉండేది. ఆ తర్వాత ఎక్కించినవన్నీ మెయిలూ డ్రైవూ కలిపి ఉచితంగా ఇచ్చే 15 జీబీలోకే వస్తాయి. అది నిండిన రోజు నుంచి కొత్త ఫొటోలు వెళ్లడం ఆగిపోతుంది. నోటిఫికేషన్ వస్తుంది కానీ చూసేదెవరు? ఇంకో చిక్కు, అది గిడ్డంగి కాదు, అద్దం లాంటిది. ఫోనులోని ఫొటోస్ యాప్‌లో ఫొటో కొట్టేస్తే అక్కడా పోతుంది. అరవై రోజులు చెత్తబుట్టలో ఉంటుంది, ఆపైన అంతే. అందుకే కేబుల్ పెట్టి కంప్యూటర్లోకి డీసీఐఎం ఫోల్డరును మొత్తంగా కాపీ చేసుకోవడం ఉత్తమం. కాపీ అయ్యాక మొదట్లో ఓ రెండు, మధ్యలో ఓ రెండు, చివర్లో ఓ రెండు ఫొటోలూ వీడియోలూ తెరిచి చూడండి. సంఖ్య కూడా సరిపోయిందో లేదో చూడాలి.

వాట్సాప్ వేరే కథ. అది రోజూ తెల్లవారుజామున రెండు గంటలకు తనంతట తాను ఓ ప్రతి రాసుకుంటుంది. కానీ ఎక్కడ? అదే ఫోనులో! ఫోను తుడిచేస్తే మూటతో సహా పోతుంది. కాబట్టి సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి గూగుల్ ఖాతాకు ఎప్పుడు చేరిందో తేదీ చూసుకోవాలి. 'వీడియోలు కూడా' అన్న మీట నొక్కి లేకపోతే మనవరాలి వీడియో అందులో లేనట్టే. 2024 నుంచి ఇదీ ఆ 15 జీబీలోకే లెక్క. బ్యాకప్‌కు రహస్యపదం పెట్టుకునే సౌకర్యం 2021లో వచ్చింది. పెట్టుకుంటే కాగితం మీద రాసిపెట్టండి. మర్చిపోతే తెరవడం వాట్సాప్ వాళ్ల వల్ల కూడా కాదు. అమ్మ గొంతులాంటి అపురూపమైనవి ఉంటే ఈ తిప్పలన్నీ నమ్ముకోకుండా, ఆ మెసేజి మీద వేలు నొక్కిపెట్టి, షేర్ చేసి, మెయిలుకోసారి, ఇంట్లో ఇంకొకరి ఫోనుకోసారి పంపేయండి. నిమిషం పని.

ఫోను నంబర్లు కొన్ని సిమ్ములో, కొన్ని ఫోనులో, కొన్ని గూగుల్ ఖాతాలో చెల్లాచెదురుగా ఉంటాయి. కాంటాక్ట్స్‌లో 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే అన్నీ కలిపి ఓ వీసీఎఫ్ ఫైలవుతుంది. దాన్ని మెయిలు చేసుకోండి. ఎస్సెమ్మెస్‌లు, కాల్ రికార్డింగులు, నోట్స్‌లో రాసుకున్న అప్పుల లెక్కలు... వీటిని అందరూ మర్చిపోతారు.

అన్నిటికంటే తెలివిగా చూసుకోవాల్సింది గూగుల్ పాస్‌వర్డ్. ఫోను కొత్తగా మొదలవగానే అదే అడుగుతుంది. 'మీరేనా అని మీ ఫోనులో చూసుకోండి' అని కూడా అంటుంది. ఆ ఫోనే కదా తుడిచేసింది! తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టన్నమాట. దీనికి విరుగుడు ఉంది. గూగుల్ ఖాతాలో రెండంచెల తనిఖీ పెట్టుకున్నవాళ్లకు 'బ్యాకప్ కోడ్స్' అని పది ఇస్తారు. ముందే తీసి రాసుకోవాలి. బ్యాంకు, యూపీఐ యాప్‌లకు మూట అక్కర్లేదు. సిమ్ము పనిచేస్తుంటే మళ్లీ నమోదు చేసుకోవచ్చు.

రూట్ జోలికి పోని వాళ్లకు ఇదంతా ఎందుకంటారా? 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. జ్ఞానం అని రాసేటప్పుడు మొదట వచ్చే 'జ్ఞా' ఉంది చూశారూ... దాని మధ్యలో కంటికి కనిపించని ఓ గుర్తు చేరిన మెసేజి వస్తే చాలు, లక్షల రూపాయల ఐఫోన్లు కూడా కుప్పకూలాయి. కొందరికి యాప్ ఒక్కటే మూతపడింది, కొందరి ఫోన్లు మళ్లీ మళ్లీ మొదలవుతూనే ఉండిపోయాయి. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. యజమాని తప్పు ఇసుమంత లేదు. ఒక్క తెలుగు అక్షరం!

ఇప్పుడు తాళం

మూట కట్టడం అయింది కాబట్టి పాత ఫోనును బయటికి తీయవచ్చు. మొదటి ప్రశ్న, మీ కంపెనీ తాళం తీయనిస్తుందా? గూగుల్ పిక్సెల్, వన్‌ప్లస్ సాధారణంగా ఒప్పుకుంటాయి. మోటొరోలా చాలా మోడళ్లకు తన సైటులో అడిగితే కోడ్ ఇస్తుంది. వివో లాంటివి అధికారికంగా దారి ఇవ్వవు. షావోమీది మరో తరహా. ఆ కంపెనీ రెడ్‌మీ 2 ప్రైమ్ 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదలైంది, తయారైంది మన శ్రీసిటీలో. అప్పట్లో ఆ కంపెనీ ఫోన్లకు తాళం తలనొప్పి ఉండేది కాదు. మధ్యలో అమ్మేవాళ్లు దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించి అంటగడుతున్నారని 2016 నుంచి తాళం వేసి, ఖాతా తెరిచి, దరఖాస్తు పెట్టి, కొన్ని రోజులు ఆగితే కానీ తీయనివ్వడం లేదు. రాన్రానూ నిబంధనలు ఇంకా బిగించింది.

మీ మోడలు పూర్తి పేరు, బిల్డ్ నంబరు కాగితం మీద రాసుకోండి. ఒకే పేరుతో ఉన్నా 'ప్రో', '5జీ' అన్న తోక మారితే లోపలంతా వేరు. పాడైపోయే ఫోన్లలో చాలావాటికి కారణం పక్క మోడలు ఫైలు ఎక్కించడమే. ఛార్జింగు డెబ్భై శాతమైనా ఉండాలి. మధ్యలో కరెంటు పోతే కంప్యూటరు ఆగిపోకుండా ల్యాప్‌టాప్ అయితే మేలు. కేబుల్ గట్టిది, వదులు లేనిది కావాలి.

సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తట్టండి. 'మీరిప్పుడు డెవలపర్' అంటుంది. అంత సులువుగా పట్టా ఇచ్చేది ఇంకెక్కడా లేదు! దాంతో కొత్తగా డెవలపర్ మెనూ తెరుచుకుంటుంది. అందులో 'ఓఈఎం అన్‌లాకింగ్', 'యూఎస్‌బీ డీబగ్గింగ్' అనే రెండు మీటలు నొక్కాలి. కంప్యూటర్లో గూగుల్ ఉచితంగా ఇచ్చే ప్లాట్‌ఫాం టూల్స్ దించుకోవాలి. ఏడీబీ, ఫాస్ట్‌బూట్ అనే రెండు పనిముట్లు అందులోనే ఉంటాయి. ఫోనును ఫాస్ట్‌బూట్ స్థితిలోకి తెచ్చి అన్‌లాక్ ఆజ్ఞ ఇస్తే తెర మీద హెచ్చరిక వస్తుంది. ఒప్పుకుంటే తుడిచేస్తుంది. మూట కట్టింది దీనికోసమే.

తర్వాత ఘట్టం 'మ్యాజిస్క్'. జాన్ వూ అనే యువకుడు 2016లో రూపొందించిన ఉచిత సాధనం. దీని ప్రత్యేకత, పాత పద్ధతుల్లా సిస్టమ్ గది గోడలు పగలగొట్టదు. ఫోను లేచేటప్పుడు మొదట చదివే 'బూట్' ఫైలులో మాత్రం తన మాట కలుపుతుంది. 2021లో గూగులే ఆయన్ను ఆండ్రాయిడ్ భద్రతా విభాగంలో ఉద్యోగానికి తీసుకుంది. తాళం తీయడం తెలిసినవాడే గట్టి తాళం చేస్తాడనేమో! మీ ఫోను బిల్డ్ నంబరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయే కంపెనీ సాఫ్ట్‌వేర్ తెచ్చి, అందులోంచి బూట్ ఫైలు తీసి, దాన్ని ఫోనులోని మ్యాజిస్క్ యాప్‌కు ఇస్తే మార్చి ఇస్తుంది. ఆండ్రాయిడ్ 13తో కానీ ఆ తర్వాత కానీ కొత్తగా వచ్చిన ఫోన్లలో దీని స్థానంలో 'ఇనిట్ బూట్' అనే ఫైలు ఉంటుంది. మార్చినదాన్ని కంప్యూటర్లోకి తెచ్చి ఫాస్ట్‌బూట్‌తో ఎక్కించి, ఫోను మళ్లీ ఆన్ చేస్తే తాళాల గుత్తి మీ చేతిలో ఉన్నట్టే. మార్చని అసలు బూట్ ఫైలును మాత్రం పారేయకండి. కంపెనీ బొమ్మ దగ్గరే ఫోను ఆగిపోయి గిరగిరా తిరుగుతుంటే, ఆ అసలు ఫైలును మళ్లీ ఎక్కించడమే మందు. తిరువూరు కొట్టు దాకా వచ్చే ఫోన్లలో కొన్నిటికి కావాల్సిందీ అదే.

మ్యాజిస్క్‌ను దాని అధికారిక గిట్‌హబ్ పేజీ నుంచే తీసుకోవాలి. అదే పేరుతో దొంగ సైట్లు బోలెడు. 'ఒక్క నొక్కుతో రూట్' అని ఊరించే యాప్‌ల జోలికి అసలే పోవద్దు. ఫోనులో ఉన్న కన్నాల్లోంచి దూరి పనిచేసే రకం అవి. మీకోసం దూరినవాళ్లు ఊరికే బయటికి వెళతారన్న నమ్మకమేముంది?

రూట్ అయ్యాక కంపెనీ అప్‌డేట్ వచ్చిందని టక్కున నొక్కకండి. మార్చిన బూట్ ఫైలును చూసి అది మొరాయిస్తుంది, లేదా రూట్‌ను తీసేస్తుంది. ఏ యాప్ అయినా 'రూట్ అనుమతి ఇవ్వండి' అంటే దానికెందుకో తెలిస్తేనే ఇవ్వాలి. టార్చిలైటుకు తాళాల గుత్తితో పనేంటి?

ఇంకొక్క విషయం, ఇది చట్టంతో ముడిపడింది. ప్రతి ఫోనుకూ ఐఎంఈఐ అనే 15 అంకెల గుర్తింపు నంబరుంటుంది. *#06# కొడితే కనిపిస్తుంది. లోపలి భాగాలు అటూ ఇటూ చేసేటప్పుడు అది చెరిగిపోయి సిగ్నలే రాకుండా పోయిన సందర్భాలున్నాయి. ముందే రాసి పెట్టుకోండి. పోయినదాన్ని తెప్పించే వంకతో వేరే నంబరు ఎక్కిస్తామని ఎవరన్నా అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ఐఎంఈఐని మార్చడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం నేరం. మూడేళ్ల దాకా జైలు, యాభై లక్షల రూపాయల దాకా జరిమానా పడే అవకాశముంది.

సరదా తీరి, ఫోనును మళ్లీ మామూలుగా చేయాలనిపిస్తే దారి ఉంది. ముందు మళ్లీ ఓ మూట కట్టాలి, ఎందుకంటే ఇక్కడా తుడిచివేత తప్పదు. మ్యాజిస్క్‌లోనే తీసివేసే మీట నొక్కాలి. తర్వాత కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా ఎక్కించి, ఫోను ఇబ్బంది లేకుండా లేస్తోందని ఒకటికి రెండుసార్లు చూశాకే బూట్‌లోడర్‌కు తిరిగి తాళం వేయాలి. లోపల మార్చిన ఫైలు ఒక్కటి మిగిలి ఉండగా తాళం వేశారంటే ఫోను ఇక లేవకపోవచ్చు. సవ్యంగా జరిగితే బ్యాంకు యాప్‌లు చాలావరకూ మళ్లీ లోపలికి రానిస్తాయి.